గుబ్‌గుబ్

అజ్మాన్ చేపల మార్కెట్ల
నా కత్తి నంబరు పదిహేడు.
పేరువెట్టి పిలిచెటోళ్లు లేరు.
"సత్రా!" అంటే నేనే పలుకుత.

కిలకు రెండు దిర్హాములు.
పొలుసు గీకి, కడుపు సాఫ్ జేసి
తలకాయ కావాల్నా వద్దా అని అడగాలె.
అంతకంటె ఎక్వ ముచ్చట
ఈ బండ మీద ఉండది.

ఎండ్రకాయను ఇక్కడోళ్లు గుబ్‌గుబ్ అంటరు.
మొదలు ఇన్నప్పుడు నవ్విన.
మా దిక్కు అది జీవి పేరు గాదు,
అద్దుమరాత్రి ఫోను మోగితే
రొమ్ముల పుట్టే సప్పుడు.

శుక్రారం శుక్రారం ఒక డాక్టర్ సారొస్తడు,
మనోడే, ఏలూరు దిక్కు.
కత్తి పెట్టంగనే కాళ్లన్ని కొట్టుకుంటుంటె
నా మొఖం జూసి అన్నడు:
"అది నొప్పి కాదయ్యా, ఉత్త కదలిక.
లోపల ఎవ్వరూ ఉండరు."

లోపల ఎవ్వరు లేరని
నా మీద గూడ ఒకసారి అన్నరు సారూ.

ఆగస్టు నెల, పైపులైను పని.
మిట్టమద్యానం పని బందని కాయితం ఉండె.
కాయితానికి చెమట పట్టది గద.
ఇసుకల పడ్డ. కండ్లు తెరిసే ఉన్నయి,
రెప్ప నా మాట ఇంటలేదు.
మీద నలుగురి నీడలు.
ఒకడు బూటుతోని మోకాలు కదిపి "ఖలాస్" అన్నడు.
ఇంకొకడు నా నెత్తి మీది హెల్మెట్ తీస్కున్నడు,
కంపెనీది, లెక్కల తక్వ పడొద్దని.

అప్పుడు లోపల ఏమున్నదో చెప్పన్నా?
దేవుడు లేడు, ఏ ఎలుగూ లేదు.
మెడ మీద పారుతున్న ఒక చీమ.
రూముల నల్లా బంద్ జేసిన్నా లేదా అన్న రంది.
ఆ రంది ఎనుక, ఉన్న, ఉన్న, ఉన్న అని
బాయిల పడ్డ బొక్కెనలెక్క
గోడలకు తాకుకుంట ఒక మాట.

మొఫిజుల్ వచ్చి తడిగుడ్డ మొఖం మీదేసిండు,
సీసల నీళ్లు సుక్క సుక్క పోసిండు.
నెలదాటినంక అడిగిన:
నేను బతికున్ననని నీకెట్ల తెల్సె?
పాన్ నమలుకుంట అన్నడు వాడు:
తెల్వలే. తెల్వకనే పోసిన.

గంతే. ఏ సదువూ లేనోడు
గా ఒక్క మాటతోని నన్ను
ఇటు ఒడ్డుకేసిండు.

ఇగ అప్పటిసంది
కత్తి పెట్టేముందు ఎండ్రకాయల్ని
మంచునీళ్ల తొట్టిల ఏస్త.
కాళ్లు వాలెదాక ఆగుత,
రెండు వందలు లెక్కవెడుత.
మంచు పైసలు అర్బాబు నా జీతంలకెంచి కోస్తడు.
"పాగల్ సత్రా" అని పక్క బండోళ్లు నగుతరు.

నేను సక్కనోణ్ణని చెప్తలేను.
కోసుడైతే కోస్తనే ఉన్న.
మంచుల దానికి నిద్రనో,
మనకు తెల్వని ఇంకో తీరు యాతననో
అదీ తెల్వది.
లోపల ఎంతుంటె ఉన్నట్టు?
గిద్దెడా, సోలెడా?
మా అవ్వ వడ్లు కొలిసిన మానికె
దీనికి పనికొస్తదా?
తక్వున్నదని తేలితె
ఆ తక్వను తొక్కొచ్చని ఎవరన్నరు?

మొన్న శుక్రారం సారు మళ్లొచ్చిండు.
రెండు కిలలు, జల్ది అన్నడు.
గడియారం జూసుకున్నడు.
రెండు నిమిషాలు సారూ, అన్న.
నూటా ఎనభై, నూటా ఎనభై ఒకటి...

తొట్టిల మంచుగడ్డల నడుమ
ఒక కాలు మెల్లగ లేసింది.
పిలిసినట్టో, వద్దన్నట్టో,
సారు చెప్పినట్టు ఉత్తగనేనో.

మళ్ల ఒకటికాంచి మొదలువెట్టిన.